కీపర్ గ్లవ్స్ రెండు జతలు: ఆరు నెలలు వాడించి చూశాక

నా ఎడమ చేతి ఉంగరపు వేలు పై కణుపు దగ్గర పక్కకి వంగి ఉంటుంది. 1989లో ఒక ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌లో తడిసిన బంతి వేలి కొసకి తగిలి కీలు తప్పింది. లైను పక్కన కూర్చోబెట్టి మా కెప్టెనే వేలు లాగి సరిచేశాడు, రుమాలు చింపి పక్క వేలితో కలిపి కట్టాడు, రెండో సగం అలాగే ఆడాను. ఆ రోజు నా చేతులకి ఉన్నవి ఊలు గ్లవ్స్. అరచేతి వైపు రబ్బరు చుక్కలు అద్ది ఉండేవి, అంతే. ఇప్పటికీ చలికాలం పొద్దున ఆ వేలు పూర్తిగా ముడుచుకోదు. కీపర్ గ్లవ్స్ విషయంలో నా పట్టింపు అక్కడి నుంచి వచ్చింది. అందుకే రెండు జతల గురించి ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

పంతొమ్మిదేళ్లు మా డిపార్ట్‌మెంట్ టీముకి గోల్ దగ్గర నిలబడ్డాను. రిటైరయ్యాక సికింద్రాబాద్‌లో ఇంటికి దగ్గర్లో ఉన్న గ్రౌండ్‌లో పొద్దున ఆరింటికి పిల్లలకి కీపింగ్ నేర్పుతున్నాను. తొమ్మిది మంది వస్తారు. అందులో మా మేనకోడలు ఒకతి, పదిహేనేళ్లు, రెండేళ్ల నుంచి స్కూలు టీముకి కీపర్.

జూన్ చివర్లో స్కూళ్ల మధ్య మ్యాచ్ ఒకటి జరిగింది. చినుకులు పడుతున్నాయి. ఇరవై గజాల దూరం నుంచి వచ్చిన మామూలు షాట్, ఛాతీ ఎత్తులో. చేతుల్లోకి వచ్చినట్టే వచ్చి వెనక్కి జారిపోయింది. ఒక్క గోల్ తేడాతో ఓడిపోయారు. ఆటోలో ఇంటికి వచ్చేదాకా పిల్ల నోరు విప్పలేదు. గేటు తీస్తూ మాత్రం, "గ్లవ్స్ మంచివి కావు మామయ్యా, అందుకే జారింది" అంది.

ఆ గ్లవ్స్ తీసుకుని చూశాను. 450 రూపాయల జత. అరచేతి మీది లాటెక్స్, అంటే బంతికి పట్టు ఇచ్చే రబ్బరు పొర, అరిగిపోయి కింది గుడ్డ కనిపిస్తోంది. వాటిని సమర్థించేదేమీ లేదు. కానీ బంతి జారినప్పుడు ఆమె ఎక్కడ నిలబడిందో కూడా నేను చూశాను. ఆ సంగతి అప్పుడే చెబితే పిల్ల ఏడుస్తుందని ఊరుకున్నాను. వారంలో రెండు జతలు కొన్నాను. ఒకటి ప్రాక్టీసుకని దుకాణంలో, 1,150 రూపాయలు. రెండోది మ్యాచ్‌లకని ఆన్‌లైన్లో, 3,900 రూపాయలు.

కంపెనీల పేర్లు కావాలనే రాయడం లేదు. ఇవే కొలతలతో, ఇదే రకం లాటెక్స్‌తో ఎన్నో కంపెనీలు అమ్ముతున్నాయి. పేరు చూసి కాకుండా, అట్ట మీద రాసిన అంకెలు చూసి, చేతికి తొడిగి చూసి కొనాలన్నదే నేను చెప్పదలుచుకున్నది.

ముందు ఖరీదైన జత. అరచేతి వైపు 4 మిల్లీమీటర్ల మెత్తని లాటెక్స్, దాని కింద మరో 3 మిల్లీమీటర్ల స్పాంజి. కుట్లన్నీ లోపలి వైపుకి ఉండే రకం, దీన్ని నెగెటివ్ కట్ అంటారు. గ్లవ్ వేళ్లకి అంటిపెట్టుకుని ఉంటుంది, బంతి తాకగానే వేలికి తెలుస్తుంది. చేతులు సన్నగా ఉన్న ఆడపిల్లలకి ఇది బాగా నప్పుతుందని నా అనుభవం. వేళ్ల మధ్య వలలాంటి గుడ్డ పెట్టారు, గాలి ఆడుతుంది. మణికట్టు దగ్గర సాగే పట్టీ రెండు చుట్లు తిరిగి వస్తుంది. ఈ పట్టీ నాకు చాలా నచ్చింది. మణికట్టు గట్టిగా ఉంటే వేగంగా వచ్చిన బంతిని పైకి తోసేటప్పుడు చెయ్యి వెనక్కి విరగదు.

చవక జత పాత పద్ధతిది. ముందొక ముక్క, వెనకొక ముక్క, కుట్లు బయటికి. ఫ్లాట్ కట్ అంటారు. లాటెక్స్ పల్చగా, కాస్త గట్టిగా ఉంటుంది. వేలికీ గ్లవ్‌కీ మధ్య ఖాళీ ఎక్కువ. వీటి మధ్యలో ఇంకో రకం ఉంది, రోల్ ఫింగర్. లాటెక్స్ వేలి పక్కల దాకా చుట్టుకుని ఉంటుంది, బంతి వేలి అంచుకి తగిలినా పట్టు దొరుకుతుంది. పెద్ద అరచేతుల మగపిల్లలకి అది మేలు. మా గ్రౌండ్‌లో ఇద్దరు అదే వాడుతున్నారు.

కొత్త గ్లవ్స్ వచ్చిన రోజే చేతికి తొడుక్కుని గ్రౌండ్‌కి పరిగెత్తకండి. కొత్త లాటెక్స్‌లో నిల్వ కోసం వాడిన రసాయనం మిగిలి ఉంటుంది, అందుకే మొదటి రోజు ప్లాస్టిక్‌లా జారుతుంది. చాలామంది తల్లిదండ్రులు అక్కడే మోసపోయామనుకుంటారు. గోరువెచ్చని నీళ్లున్న బకెట్‌లో చేతులకి తొడుక్కునే ముంచాలి. చెయ్యి కడుక్కున్నట్టు ఒక అరచేతితో రెండో అరచేతిని మెల్లగా రుద్దాలి. మా మేనకోడలు అలా రుద్దుతుంటే మొదట నీళ్లు పాలుగారినట్టు తెల్లగా అయ్యాయి, మీద సన్నటి నురగ తేలింది. రెండో బకెట్‌కి తగ్గింది. మూడో బకెట్‌లో నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. అప్పుడు తీసి, మెలిపెట్టకుండా, అరచేతి మధ్య నుంచి వేళ్ల కొసల వైపు నొక్కుతూ నీళ్లు పిండింది. బాల్కనీలో నీడన వేళ్లు కిందికి వేలాడేలా క్లిప్పులు పెట్టి ఆరేశాం. మర్నాటి సాయంత్రం వేలితో తాకితే చర్మం అంటుకుని వదిలినట్టు సన్నగా చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు వస్తే గ్లవ్ సిద్ధమైనట్టు.

చవక జతకి ఆ భాగ్యం దక్కలేదు. నేను ఊళ్లో లేని రోజు మా చెల్లెలు మిగతా బట్టలతో పాటు బట్టల పౌడర్‌లో నానబెట్టి, డాబా మీద ఎండలో వేసింది. తెలియక చేసిన పని, ఆమె తప్పేం లేదు. సాయంత్రానికి అరచేతులు అప్పడాల్లా గట్టిపడ్డాయి, వేళ్లు వంచితే పెళపెళమని పగుళ్లు వచ్చాయి. మళ్లీ 1,150 పెట్టి ఇంకో జత కొన్నాను. గ్లవ్స్ ఉన్న ఇంట్లో అందరికీ ఈ మూడు మాటలు చెప్పి ఉంచండి: వాషింగ్ మెషీన్ వద్దు, ఎండ వద్దు, బట్టల సబ్బు వద్దు. పిల్లల షాంపూ రెండు చుక్కలు చాలు. ఆరాక రెండు అరచేతులనీ ఒకదానికొకటి అతికించి సంచిలో పెట్టినా చెడిపోతాయి, విడదీసేటప్పుడు లాటెక్స్ ముక్కలుగా ఊడివస్తుంది. మధ్యలో చిన్న ప్లాస్టిక్ కాగితం పెట్టుకోవాలి.

లాటెక్స్ పొడిగా ఉంటే పనికిరాదు, కొద్దిగా తేమ ఉండాలి. కీపర్లు మ్యాచ్ మధ్యలో అరచేతుల మీద ఉమ్మి వేసి రుద్దుకోవడం టీవీలో చూసే ఉంటారు. పిల్లలకి ఆ అలవాటు ఎందుకని, గోల్ స్తంభం పక్కన నీళ్ల సీసా పెట్టిస్తాను.

ఇక అసలు పరీక్ష. జూలైలో ఒక ఆదివారం పొద్దున బకెట్‌లో బంతిని ముంచి ముంచి ఇచ్చాను. ఛాతీ ఎత్తు షాట్లు, పద్దెనిమిది గజాల నుంచి, ముప్ఫై బంతులు. నేనే కొట్టాను, ఒకే జోరుతో కొట్టడానికి చూశాను. పాత 450 రూపాయల గ్లవ్స్‌తో పదకొండు పట్టింది. 3,900 జతతో పద్నాలుగు పట్టింది. మూడు బంతుల తేడా. పిల్ల ముఖం చిన్నబోయింది, ఇంత డబ్బు పెట్టించి మూడే బంతులా అని.

అప్పుడు చెప్పాను, జూన్ మ్యాచ్‌లో నేను చూసినది. బంతి వస్తున్నప్పుడు ఆమె ఒంటి పక్కకి చేతులు చాపుతోంది. కాళ్లు కదిలించి బంతి దారిలోకి ఛాతీని తేవడం లేదు. చేతులు జారితే వెనక ఆపడానికి ఏమీ ఉండదు. పైగా అరచేతుల మధ్య దూరం ఎక్కువ. బొటనవేళ్లు రెండూ దాదాపు తాకుతూ, మిగతా వేళ్లు విచ్చుకుని, ఇంగ్లిష్ డబ్ల్యూ అక్షరంలా ఉండాలి. మోకాళ్ల కిందికి వచ్చే బంతికి అది తిరగబడి చిటికెన వేళ్లు కలవాలి. పది రోజులు గ్లవ్స్ తీసేసి, వట్టి చేతులతో, మెత్తని బంతితో, అడుగులు మాత్రమే వేయించాను. పక్కకి రెండడుగులు, ఛాతీ వెనక, పట్టు. మళ్లీ రెండడుగులు. విసుగొచ్చే పని, కానీ ఒక్కరోజు కూడా మానలేదు పిల్ల.

తర్వాత అదే పరీక్ష మళ్లీ పెట్టాను. తడి బంతి, అదే దూరం. కొత్త చవక జతతో ఇరవై నాలుగు, ఖరీదైన జతతో ఇరవై ఏడు పట్టింది. గ్లవ్స్ ఇచ్చేది అప్పుడూ మూడు బంతులే, ఇప్పుడూ మూడు బంతులే. మిగతా పదమూడు కాళ్ల నుంచి వచ్చాయి. అయితే మ్యాచ్‌లో ఆ మూడు బంతుల విలువ చిన్నది కాదు. అందుకే ఖరీదైన జత వద్దని నేను అనను. దాన్ని దేని కోసం కొంటున్నామో తెలిసి కొనండి.

ఆ పది రోజుల్లో ఒక సాయంత్రం మా ఇంట్లో పిల్లలందరికీ 2022 మార్చి 20 నాటి ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్ చూపించాను. హైదరాబాద్ ఎఫ్‌సీకి కేరళ బ్లాస్టర్స్‌కి గోవాలో, ఫటోర్డా స్టేడియంలో. రాహుల్ కేపీ గోల్‌తో కేరళ ముందుకెళ్లింది, 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టి సమం చేశాడు. అదనపు సమయం కూడా అయిపోయి పెనాల్టీలకి వచ్చింది. మన గోల్‌లో లక్ష్మీకాంత్ కట్టిమణి. స్టేడియం నిండా పసుపు చొక్కాలు. మొదట లెస్కోవిచ్ కొట్టింది ఆపాడు. తర్వాత నిషు కుమార్‌ది ఆపాడు. కీపర్ గీత మీద నుంచి ముందే కదిలాడని రిఫరీ మళ్లీ కొట్టమన్నాడు. బంతిని తన్నే క్షణానికి కనీసం ఒక పాదం గీత మీద ఉండాలన్నది రూలు. అప్పటిదాకా పొందిన ఆనందమంతా వెనక్కి ఇచ్చేసి, మళ్లీ అదే గీత మీదికి వెళ్లి, అదే ఆటగాడి ఎదుట నిలబడాలి. మళ్లీ ఆపాడు. ఆ తర్వాత జీక్సన్ సింగ్‌ది కూడా. హలీచరణ్ నర్జారీ చివరి బంతి వేయడంతో 3-1తో కప్పు హైదరాబాద్‌కి వచ్చింది. ఆ రాత్రి మా వీధిలో అరిచింది నేనొక్కడినే అయినా గొంతు పోయేలా అరిచాను.

పిల్లలకి అప్పుడు రెండో సంగతి చెప్పాను. అదే ఫటోర్డాలో, 2015 డిసెంబర్ 20న, ఇదే కట్టిమణి ఎఫ్‌సీ గోవా తరఫున ఐఎస్‌ఎల్ ఫైనల్ ఆడాడు. చెన్నైయిన్ మీద 87వ నిమిషంలో గోవా 2-1తో ముందుంది. సొంత ఊరి జనం ఎదుట, మూడు నిమిషాలు ఆపితే కప్పు. 90వ నిమిషంలో బంతి గోవా గోల్‌లో పడింది. స్కోరులో కట్టిమణి పేరే ఎక్కింది, సొంత గోల్‌గా. వెంటనే చెన్నైయిన్ ఆటగాడు మెండోజా ఇంకొకటి కొట్టాడు, కప్పు చెన్నైకి పోయింది.

కీపర్ జీవితం ఇదీ. ఫార్వర్డ్ పది తప్పు కొట్టి ఒకటి గోల్ చేస్తే ఆ ఒక్కటే గుర్తుంటుంది. కీపర్ పది ఆపి ఒకటి వదిలితే ఆ ఒక్కటే గుర్తుంటుంది. ఆరేళ్లకి పైగా ఆ రాత్రిని మోసుకుంటూ, టీము మారి, మళ్లీ అదే మైదానంలో, అదే ఫైనల్‌లో నిలబడ్డాడు ఆ మనిషి. మా మేనకోడలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రోజు ఆయన గ్లవ్స్ జారాయా మామయ్యా?" అని అడిగింది. "ముందు నీ బంతి సంగతి చూద్దాం రా" అని హాల్లోనే సోఫా పక్కకి జరిపి రెండడుగులు వేయించాను.

మళ్లీ గ్లవ్స్ దగ్గరికి వస్తాను. ఖరీదైన జతలో వేళ్ల వెనక ప్లాస్టిక్ పట్టీలు వచ్చాయి. వేలు వెనక్కి విరగకుండా ఆపుతాయని అమ్మేవాళ్లు వీటినే గొప్పగా చెబుతారు. తల్లిదండ్రులు కూడా వీటికే పడిపోతారు, పిల్ల వేళ్లకి రక్షణ అనుకుని. నా వంకర వేలు చూసుకుని నేనూ మొదట సంతోషించాను. వాడి చూస్తే తెలిసింది, పిడికిలి సరిగ్గా బిగియదు. గుంపులో ఎగిరి బంతిని గుద్దడానికి రెండు పిడికిళ్లు కలిపితే మధ్యలో సందు. నేల బంతిని చేతుల్లోకి తోడుకునేటప్పుడు వేళ్లు కర్రల్లా నిలబడ్డాయి. రెండో వారంలో పట్టీలు లాగేశాం, ఈ జతలో అవి తీయడానికి వీలుగా జిప్పులు ఉన్నాయి. తీయడానికి వీల్లేని రకమైతే కొనవద్దనే నా సలహా. దెబ్బ తగిలి కోలుకుంటున్న వేలికి మాత్రం కొన్నాళ్లు పట్టీ ఉంచుకోవచ్చు. లేదంటే పక్క వేలితో కలిపి టేపు చుట్టుకుంటే సరిపోతుంది, నేను చివరి ఎనిమిదేళ్లు అలాగే ఆడాను.

వేళ్ల గురించి ఇంత చెప్పడానికి కారణముంది. ఫుట్‌బాల్‌లో అందరికంటే ఎక్కువ కాలం ఆడేది కీపరే. ఇటలీ కెప్టెన్ డినో జోఫ్ 1982 వరల్డ్ కప్ ఎత్తినప్పుడు నలభై ఏళ్లవాడు. ఇటలీ కీపరే అయిన బుఫాన్ పదిహేడేళ్లకి, 1995లో పార్మా క్లబ్బు గోల్‌లో మిలాన్ మీద నిలబడి, 2023లో నలభై అయిదేళ్లకి అదే పార్మాలో ఆట చాలించాడు. ఈజిప్టు కీపర్ ఎస్సామ్ అల్ హదరీ నలభై అయిదేళ్ల వయసులో 2018 వరల్డ్ కప్‌లో సౌదీ అరేబియా పెనాల్టీని ఆపాడు. ఇన్నేళ్లలో వాళ్లు ఎన్ని జతలు మార్చి ఉంటారో, కానీ వేళ్లు అవే పది. గ్లవ్ కొనేటప్పుడు ఎంత అంటుకుంటుందో ఒక్కటే కాదు, ఆ పది వేళ్లనీ ఎలా కాపాడుతుందో చూడాలి. మెత్తని స్పాంజి, గట్టి మణికట్టు పట్టీ, సరైన సైజు. ఈ మూడూ ఉంటే లాటెక్స్ కాస్త తక్కువ రకమైనా నాకు అభ్యంతరం లేదు.

మందపాటి లాటెక్స్ అరచేయి ఎప్పటి నుంచో ఉన్నదని పిల్లలు అనుకుంటారు. అది 1970ల్లో గట్టిగా పాతుకుంది. పశ్చిమ జర్మనీ కీపర్ సెప్ మయర్ పెద్ద పెద్ద గ్లవ్స్ వేసుకుని ఆడి దాన్ని ప్రపంచానికి అలవాటు చేశాడు. బయర్న్ మ్యూనిక్‌కి లీగ్‌లో వరసగా 442 మ్యాచ్‌లు ఒక్కటీ వదలకుండా ఆడిన మనిషి. 1979లో కారు ప్రమాదం జరగకపోతే ఇంకెన్ని ఆడేవాడో.

అంతకు ముందు తరం సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. నీళ్లు పీల్చి బరువెక్కే తోలు బంతి. దాని ముందు మన హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్. నాకు కీపింగ్ నేర్పిన మా మొదటి కోచ్ ఆయన పేరు చెప్పకుండా ఒక్కరోజు ప్రాక్టీసు మొదలుపెట్టేవాడు కాదు. 1935లో పుట్టి, సైన్యంలో మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌లో చేరి, మొదట ఫార్వర్డ్‌గా ఆడి, తర్వాత గోల్‌లోకి వచ్చాడు. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌కి వెళ్లాడు. 1958లో ఆసియాలో ఉత్తమ కీపర్ అన్నారు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద 2-1తో బంగారు పతకం గెలిచినప్పుడు గోల్‌లో ఆయనే, బయట కోచ్ మన రహీం సాబ్ (సయ్యద్ అబ్దుల్ రహీం). 1967లో అర్జున అవార్డు. ఆట మానేశాక బొకారో స్టీల్ ప్లాంట్‌లో పిల్లలకి నేర్పాడు, 2008లో అక్కడే కన్నుమూశాడు. మా గ్రౌండ్‌కి వచ్చే తొమ్మిది మందిలో ఒక్కరికీ ఈ పేరు తెలియదు. అది నన్ను బాధపెడుతుంది. ఇప్పుడు మా కోచ్ లాగే నేనూ ప్రాక్టీసు ముందు ఆయన పేరు చెబుతున్నాను.

మన్నిక విషయానికి వస్తే ఖరీదైన జత నన్ను నిరాశపరిచింది. మా గ్రౌండ్ సగం గడ్డి, సగం మొరం. మొరం మీద మెత్తని లాటెక్స్ సబ్బులా అరుగుతుంది. మ్యాచ్‌లకి మాత్రమే వాడినా, పద్నాలుగు మ్యాచ్‌లకి అరచేతి అడుగున, మణికట్టు దగ్గర పొట్టు లేచింది. కృత్రిమ గడ్డి టర్ఫ్‌ల మీద కూడా అంతే, గంటకి ఇంతని అద్దె కట్టి ఆడే చోట్ల పిల్లలు ఖరీదైన గ్లవ్స్ తొడుక్కుని వస్తుంటే చూస్తూ ఊరుకోలేను. పట్టు ఎక్కువున్న లాటెక్స్ త్వరగా అరుగుతుంది, ఎక్కువ కాలం వచ్చే లాటెక్స్‌కి పట్టు తక్కువ. రెండూ ఒకే జతలో ఉన్నాయని ఎవరైనా చెబితే నమ్మకండి. పడ్డాక అరచేయి నేలకి ఆనించి లేవకూడదు, పిడికిలి మీద లేవాలి. ఈ ఒక్క అలవాటుతో మా మేనకోడలి చవక జత అయిదు నెలలు వచ్చింది, వారానికి ఆరు రోజుల ప్రాక్టీసుతో. ఆ డబ్బుకి అంతకంటే అడగలేం.

ఖరీదైన జతతో ఇంకో గొడవ. మూడో వారంలోనే కుడి బొటనవేలి పక్క కుట్టు విడిపోయింది. అప్పటికి మూడు మ్యాచ్‌లే ఆడింది. కంపెనీకి రాస్తే ఫోటోలు అడిగారు. నాలుగు వైపుల నుంచి తీసి పంపాను. పదకొండు రోజుల తర్వాత, వాడకం వల్ల వచ్చిన అరుగుదల కాబట్టి మార్చడం కుదరదని జవాబు వచ్చింది. లాటెక్స్ అరిగితే ఆ మాట ఒప్పుకుంటాను. దారం ఊడటం అరుగుదల ఎలా అవుతుంది? 3,900 రూపాయలు ఒక ఇంటికి చిన్న ఖర్చు కాదు, కంపెనీ ఆ ఇంటిని గౌరవించాలి. చివరికి మా వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన నైలాన్ దారంతో లోపలి నుంచి కుట్టి ఇచ్చాడు. ఇరవై రూపాయలు అడిగాడు, నేను యాభై ఇచ్చాను. ఈరోజుకీ ఆ కుట్టు కదల్లేదు, చుట్టూ ఉన్న లాటెక్స్ ఊడినా ఆ దారం మాత్రం ఉంది.

సైజు గురించి. బొటనవేలు వదిలేసి అరచేతి వెడల్పైన చోట టేపు చుట్టండి. వచ్చిన అంగుళాలని పై పూర్తి అంకెకి లెక్కేసుకుని ఒకటి కలపండి. మా మేనకోడలికి ఆరూ ముక్కాలు వచ్చింది, అంటే ఏడు, ఒకటి కలిపితే ఎనిమిది. తొడుక్కున్నాక వేలి కొస ముందు కాస్త ఖాళీ ఉండాలి, చిటికెన వేలి గోరంత. వేలు గ్లవ్ కొసకి తగులుతుంటే కుట్టు మీద ఒత్తిడి పడుతుంది, బంతి దెబ్బ నేరుగా గోరుకి తగులుతుంది. నెగెటివ్ కట్ బిగుతుగా ఉంటుంది కాబట్టి ఒక సైజు ఎక్కువ తీసుకోవాల్సింది. ఆ మాట అట్ట మీద ఎక్కడా రాయలేదు, నాకూ ముందు తట్టలేదు. నవంబర్‌లో ఆమె మధ్య వేలి గోరు నల్లబడ్డాక చూసుకున్నాం.

డిసెంబర్ మొదటి వారంలో అదే స్కూలుతో మళ్లీ మ్యాచ్ పడింది. ఎండగా ఉంది, తడి లేదు. కుట్టేసిన బొటనవేలితో ఆ ఖరీదైన జతే వేసుకుంది. రెండు ఆపింది, ఒకటి పోయింది, 1-1తో ముగిసింది. పోయినది మూల నుంచి వచ్చిన బంతికి తలతో కొట్టిన హెడర్, ఎవరూ ఆపలేనిది. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో గ్లవ్స్ గురించి ఒక్క మాట రాలేదు. హెడర్ వచ్చినప్పుడు తను ఒకడుగు ముందుండాల్సిందా వెనకుండాల్సిందా అని దారంతా అడుగుతూనే ఉంది.

ఖరీదైన జత ఇప్పుడు ప్రాక్టీసుకి దిగింది. కొత్త మ్యాచ్ జత నిన్న ఆర్డర్ పెట్టాను. ఇంకో కంపెనీది, 2,400 రూపాయలు, 4 మిల్లీమీటర్ల లాటెక్సే, వేళ్ల వెనక పట్టీలు లేనిది, సైజు తొమ్మిది.